4558 ఐసీకి సాకెట్ వేయాలా, నేరుగా సోల్డర్ చేయాలా?

గుణుపురం కుర్రాడు: మా భజన మందిరానికి ఆంప్లిఫయర్ కడుతున్నాను. టోన్ కంట్రోల్ బోర్డులో 4558 ఉంది, సౌండ్ సిగ్నల్ పెంచే ఎనిమిది కాళ్ళ చిన్న ఐసీ. ఐసీని గుచ్చి తీసుకునే సాకెట్ పెట్టాలా, సోల్డర్ చేసేయాలా?

పర్లాకిమిడి సర్వీస్: ఏ బోర్డుకైనా సాకెట్టే తమ్ముడూ. సోల్డర్ చేసిన ఐసీ పోతే, తీసేటప్పుడు ఎనిమిది కాళ్ళూ ఒకేసారి వదలవు. సోల్డరింగ్ ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనిందంటే సింగిల్ సైడ్ బోర్డు మీద రాగి ట్రాక్ లేచి వచ్చేస్తుంది. అప్పుడు వైరు ముక్కలతో అతుకులే.

బరంపురం సౌండ్: వద్దు. మా వైపు ఉప్పుగాలికి చౌక సాకెట్ల లోపలి రేకులు నల్లబడతాయి. పైగా సెట్టు వ్యానులో కుదుపులకు తిరుగుతుంది. ఐసీ కాలు పట్టు వదిలి కరకర మొదలవుతుంది. పోయిన సీజన్లో సాకెట్ వల్లే పెళ్ళి మధ్యలో మిక్సర్ ఆగింది. పెళ్ళివారు అద్దె ఇవ్వలేదు.

పర్లాకిమిడి సర్వీస్: అది చౌక సాకెట్ తప్పు. గుండ్రటి రంధ్రాల మెషీన్డ్ పిన్ సాకెట్ వేసి చూడండి.

రాయగడ రేడియో: అది మా ఊళ్ళో అడిగితే దొరకదు.

బరంపురం సౌండ్: అసలు 4558 ఎన్నిసార్లు పోతుందండీ? పోయేవి పవర్ ఐసీలు, కెపాసిటర్లు. పోనిదాని కింద పోయేది ఒకటి పెట్టమంటారు!

పర్లాకిమిడి సర్వీస్: ఎందుకు పోదు? వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ షార్టయి సప్లై ప్లస్ మైనస్ 18 వోల్టులు దాటితే పోతుంది. మీలాంటి సౌండ్ వాళ్ళ కుర్రాళ్ళు ట్రాకులు లేపేసిన బోర్డులన్నీ నా బల్ల మీదకే వస్తున్నాయి.

బరంపురం సౌండ్: మా కుర్రాళ్ళ ఊసెందుకు? ఐసీ కాళ్ళు కటర్‌తో కత్తిరించి, మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే వేడిచేసి లాగితే ట్రాక్ లేవదు. ఆ ఐసీ ఖరీదెంత గనక?

పర్లాకిమిడి సర్వీస్: ఐసీ చవకే. ఆర్.ఉదయగిరి కొండల మీంచి సెట్టు మోసుకొచ్చేవాడి బస్సు ఛార్జీ, పోయిన కూలీ ఎవరిస్తారు? సాకెట్ ఉంటే కొత్త ఐసీ పొట్లం కట్టి పంపిస్తాను. కరెంటు తీసేసి, ఐసీ మీది గంటు ఎటుందో చూసుకుని వాడే గుచ్చుకుంటాడు. మీకు సెట్టు ఆగకూడదు. నాకు ఆగిన సెట్టు ఆ ఊళ్ళోనే బాగవ్వాలి.

బరంపురం సౌండ్: ఆ మాట ముందే చెప్పాల్సింది. ‘ఏ బోర్డుకైనా’ అన్నారు గనకే నా గొడవ. తిరిగే సెట్టు వేరు, ఒకచోట ఉండే సెట్టు వేరు.

రాయగడ రేడియో: తమ్ముడూ, మందిరం సెట్టు కదలదు కదా?

గుణుపురం కుర్రాడు: ఉత్సవానికి ట్రాలీ ఎక్కుతుంది అన్నా.

బరంపురం సౌండ్: అయితే సోల్డరే.

పర్లాకిమిడి సర్వీస్: ఏడాదికి ఒక్కరోజు ట్రాలీ కోసమా? మెషీన్డ్ పిన్ సాకెట్ నా దగ్గరుంది, వచ్చి పట్టుకెళ్ళు.