అసిమిలేషన్ అంటే అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకటేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సైకాలజీలో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే దగ్గర అసిమిలేషన్ వచ్చింది, తెలుగు పుస్తకంలో సాంశీకరణం అన్నారు. బయాలజీకి వెళ్తే అదే స్వాంగీకరణం, సోషియాలజీలో వలస వెళ్ళినవాళ్ళు అక్కడివాళ్ళలో కలిసిపోవడం, భాషాశాస్త్రంలో ఇంకేదో. వీటికి ఏమైనా సంబంధం ఉందా లేక విడివిడిగా బట్టీ కొట్టడమేనా? కాస్త ఉదాహరణలతో చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
బట్టీ అక్కర్లేదండీ. ప్రతి చోటా ఎవరు మారుతున్నారు, ఎవరు ఉన్నట్టే ఉన్నారు అని చూడండి చాలు. గింజల్లో ప్రోటీన్ తిన్నామనుకోండి, అది మొక్క ప్రోటీన్ లాగానే వెళ్ళి ఒంట్లో చేరదు, ఎంజైములు దాన్ని అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి, అవి చిన్నపేగు గోడ దాటి రక్తంలోకి వెళ్తే శోషణ, అక్కడిదాకా ఇంకా స్వాంగీకరణం కాదు (చాలామంది తికమక పడేది ఇక్కడే), కణాలు వాటిని తమకి కావాల్సిన వరసలో మళ్ళీ పేర్చుకుని హీమోగ్లోబిన్‌గానో కండరంలో మయోసిన్‌గానో కట్టుకుంటాయి చూశారా, అదీ స్వాంగీకరణం. మారింది తిండి, ఒళ్ళు కాదు.

పియాజే కూడా మొదట జంతుశాస్త్రం మనిషే, 1918లో డాక్టరేట్ తీసుకుంది నత్తల జాతి మీద. కుక్క మాత్రమే తెలిసిన పిల్లాడు మేకని చూసి భౌభౌ అన్నాడంటే కొత్తదాన్ని పాత స్కీమాలో (అంటే బుర్రలో ముందే ఉన్న నమూనాలో) ఇరికించాడు, అది సాంశీకరణం. కొమ్ములున్నాయి, అరుపు వేరు, ఇది ఇంకేదో అని స్కీమానే సవరించుకుంటే అనుగుణ్యం (ఇంగ్లీషులో అకామడేషన్).

జవాబు 2:
భాష సంగతి నేను చెప్తా. అక్కడ అసిమిలేషన్ అంటే ఒక శబ్దం పక్కనున్న శబ్దంలా మారిపోవడం. జగత్ + నాథుడు జగన్నాథుడు ఎందుకయ్యాడు? త, న రెండిటికీ నాలుక పళ్ళ దగ్గరే ఆనుతుంది, పలికి చూడండి, న కోసం ముక్కులోంచి వదిలే గాలి కాస్త ముందే మొదలైపోతుంది అంతే, త కాస్తా న అయిపోయింది. అచ్చులకీ ఇదే జరుగుతుంది. పిల్లి, కత్తి బహువచనంలో పిల్లులు, కత్తులు, వెనకొచ్చే ‘లు’లోని ఉకారం ముందున్న ఇకారాన్ని తనవైపు లాగేసుకుంది. చెట్టుకు అంటాం గానీ పిల్లికి అంటాం, అక్కడ ముందున్నదే వెనకదాన్ని మార్చింది. అంటే రెండు దిక్కులా పనిచేస్తుంది.

జవాబు 3:
పై ఇద్దరూ బాగా చెప్పారు, కానీ సంస్కృతి దగ్గర జాగ్రత్త అండీ. తిండికీ శబ్దానికీ ఇష్టాయిష్టాలుండవు, మనుషులకి ఉంటాయి. 1879లో అమెరికాలో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూల్ పెట్టి ఆదివాసీ పిల్లల్ని చేర్చి జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. దీన్నీ అసిమిలేషన్ అనే రాస్తారు, తనంతట తాను కలిసిపోయినవాళ్ళ గురించి కూడా అదే మాట వాడతారు, నాకు ఇది చాలా తప్పనిపిస్తుంది, కనీసం బలవంతపు అని ముందు చేర్చాలి. వలస వెళ్ళినవాళ్ళు కొత్త సంస్కృతిలో ఎలా సర్దుకుంటారో చూసిన సైకాలజిస్టు జాన్ బెర్రీ విడదీసి చెప్పాడు, సొంతది వదిలేసి కొత్తదాంట్లో కలిస్తే అసిమిలేషన్, రెండూ ఉంచుకుంటే ఇంటిగ్రేషన్, సొంతదే పట్టుకుని దూరంగా ఉంటే సెపరేషన్, రెండూ లేకపోతే మార్జినలైజేషన్.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ అందరికీ. అయితే బెర్రీ ఇంటిగ్రేషన్, పియాజే అనుగుణ్యం ఒకటే అనుకోవచ్చా?

జవాబు 3:
కాదండీ. అనుగుణ్యంలో మారేది లోపలికి తీసుకునే వైపు, బెర్రీ ఆ నాలుగూ ప్రధానంగా వచ్చినవాళ్ళ వైపు నుంచి చెప్పినవి. అనుగుణ్యానికి దగ్గరి ఉదాహరణ కావాలంటే 1066 తర్వాత ఇంగ్లాండ్ చూడండి, ఫ్రాన్స్ నుంచి ఏలడానికొచ్చిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు కొన్ని తరాలకి ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళయ్యారు, కానీ ఈలోపు ఆ ఇంగ్లీషులోకి వేల ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి.