అప్‌డేట్: 1957 బెల్ ఎయిర్ కిట్ పైకప్పు సమస్య తేలింది

1957 షెవ్రొలే బెల్ ఎయిర్ రెండు తలుపుల హార్డ్‌టాప్‌కి 1/25 స్కేలు మోడల్ కిట్ (విడిభాగాలు అతికించి చేసుకునే చిన్న కారు) డిజైన్ చేస్తున్నానని, పొడవూ వెడల్పూ సరిపోయినా పైకప్పు ఎత్తుగా కనిపిస్తోందని అడిగాను కదా. కారణం దొరికింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

దూరం నుంచి జూమ్ చేసి పక్క ఫొటో తీసి, వీల్‌బేస్‌కి (ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి) సరిపెట్టి చూడమన్న సలహానే పనిచేసింది. అసలు కారు వీల్‌బేస్ 115 అంగుళాలు, మన స్కేల్లో 116.8 మి.మీ. ఇక్కడ మిషిగన్‌లో ఓ కార్ షోలో తీసిన ఫొటోని, కిట్ కోసం నేను కొన్న డ్రాయింగ్ మీద పెడితే బానెట్, వెనక రెక్కలు అచ్చుగుద్దినట్టు కలిశాయి. ముందు అద్దం పై అంచు దగ్గర్నుంచి మాత్రం డ్రాయింగ్ గీత పైకి పోయింది. పాత కార్లు బాగుచేసే ఒకాయన చూడగానే చెప్పేశారు, హార్డ్‌టాప్ అని అమ్మిన ఆ డ్రాయింగ్‌లో ఉన్నది సెడాన్ పైకప్పని. హార్డ్‌టాప్‌ది ఇంకా కిందికి ఉంటుంది, తలుపు వెనక స్తంభమూ ఉండదు. ఆ కారు అందమంతా అక్కడే ఉంది!

కొందరు అనుకున్నట్టు రెజిన్ (కిట్ భాగాలు పోతపోసే ప్లాస్టిక్) కుంచించుకుపోవడానికీ దీనికీ సంబంధం లేదు. డ్రాయింగ్ 1/24 స్కేలుదేమో అన్న అనుమానం కూడా వదిలేయండి. చక్రాల గురించి ఒకరన్నది మాత్రం నిజం: 1957లో రిమ్ 15 నుంచి 14 అంగుళాలకి తగ్గింది, 1956 కిట్ చక్రాలు దీనికి పెట్టకండి.