చేనేత సంఘాలు డ్రాయింగ్ నేర్పించిన చరిత్ర ఎవరికైనా తెలుసా?

మాది గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాన్న ఫోడా కుంభం అంచు, అంటే గుడి గోపురాల్లాంటి వరుస ఉన్న అంచు, పట్టుచీరలు నేస్తారు. ఆ గోపురాల వరుస ఏ కాగితం మీదా లేదు, ఆయన చేతిలోనే ఉంది. ఆయన తర్వాత ఎవరు వేస్తారన్నదే నా టెన్షన్.

లండన్‌లో 1878లో 16 వృత్తి సంఘాలు, నగర కార్పొరేషన్‌తో కలిసి వృత్తి విద్య కోసం సిటీ అండ్ గిల్డ్స్ సంస్థను పెట్టాయి. ఆ నగరంలోనే లాంబెత్ అనే చోట 1854లో మొదలైన చిత్రకళా పాఠశాల ఆ అండతోనే పెరిగింది.

మన చేనేత సంఘాలు ఎప్పుడైనా పిల్లలకు డిజైన్ గీయడం నేర్పడానికి ఇలా డబ్బు పెట్టాయా? చీరాల, మంగళగిరి, షోలాపూర్, ఎక్కడైనా సరే. అన్నలూ, అక్కలూ, మీ తాతల నాటి మినిట్స్ పుస్తకాలు, రసీదులు ఉంటే ఫోటో పెట్టరా? మా సంఘం పెద్దలకు చూపించి అడుగుతాను.