యూడీఐడీ ఫారంలో ఏడీహెచ్‌డీ ఎక్కడుంది? కనిపించట్లేదు, ప్లీజ్ హెల్ప్

వడ్డేపల్లి అమ్మ:
పొద్దున్నుంచి పాప వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఫారం ముందే కూర్చున్నా. మా ఇంట్లో నెట్టు పోతూ వస్తూ ఉంది, పోయినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి నింపుతున్నా. వైకల్యం రకం అనే దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోతోంది. లిస్టు మొత్తం పైకీ కిందికీ చూశా, మా పాపకున్న ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) అన్నదే లేదు. మానసిక అనారోగ్యం అని ఒకటుంది, అది నొక్కుదామంటే భయంగా ఉంది. రేపు పాప పేరు పక్కన జీవితాంతం అదే ఉంటే? స్కూల్లోనేమో సర్టిఫికెట్ తెస్తేనే పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్ సంగతి మాట్లాడతాం అన్నారు. ఏది సెలెక్ట్ చేయాలి? చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే తొందరగా చెప్పండి, తల పగిలిపోతోంది.

సూటి మాట:
వయసెంత? ఏ క్లాసు? ఏ బోర్డు? డాక్టర్ రిపోర్టులో ఏం రాసి ఉంది?

విశ్రాంత పంతులు:
అమ్మా, నేను పరకాల, ములుగు వైపు బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఈ పేర్లేవీ లేవు. పిల్లవాడు పలక మీద దిద్దేవాడు, గుణింతం నోటికి వచ్చాకే వత్తులు చెప్పేవాళ్ళం. ఇప్పుడు మూడేళ్ళు నిండకుండానే ఇంగ్లిషు నర్సరీలో పడేస్తున్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, ట్యూషన్‌లో రెండూ కలిపిన మూడో భాష. పిల్లల బుర్ర గందరగోళం కాక ఏమవుతుంది? ముందు తెలుగు మీడియంలో వేసి చూడండి. చేతిరాత రోజూ ఒక పేజీ రాయించండి. సగం సమస్య అక్కడే తీరుతుంది.

ఐఈఆర్‌పీ అక్క:
సార్ నమస్తే. నేను ఐఈఆర్‌పీ, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే టీచర్‌ని. పేర్లు లేవు గానీ పిల్లలు ఉన్నారు సార్. ఐదో తరగతి దాటకుండానే బడి మానేసి పత్తి ఏరబోయినవాళ్ళలో ఎందరికి ఈ సమస్య ఉందో ఎవరు చూశారు? వాళ్ళందరిదీ తెలుగు మీడియమే. మాతృభాషలో చదువు మంచిదే, కాదనను. కానీ అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరని పిల్లకు మీడియం మార్చినంత మాత్రాన కుదరదు. ప్రశ్న అనే మాటను పశన అని చదివే పిల్లలు, ఇలాంటి వాళ్ళ కోసమే నడిపే మా భవిత కేంద్రానికి ఇప్పటికీ వస్తున్నారు. గుణింతం దాకా బాగానే వస్తారు, సంయుక్తాక్షరం ఎదురుపడగానే ఆగిపోతారు. రోజూ పేజీ రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, అంతే.
మేడం, పైన అడిగిన వివరాలు పెట్టండి. అవి లేకుండా ఏం చెప్పినా ఊహే అవుతుంది.

చిరుధాన్యం అన్న:
షుగర్, మైదా, బేకరీ బంద్ చేయండి. రాగి జావ, కొర్రన్నం మొదలుపెట్టండి. ఫోన్ లాక్కోండి. నెల రోజుల్లో తేడా చూస్తారు. ఈ ఇంగ్లిషు రోగాలన్నీ తిండి వల్లే. ట్యాబ్లెట్లు మాత్రం అసలు వేయొద్దు, పిల్లలు మత్తుగా అయిపోతారు.

సూటి మాట:
చక్కెరతో ఏడీహెచ్‌డీ రాదు. జావ తాగించండి, మంచిదే. ఆమె అడిగింది ఫారం.

వడ్డేపల్లి అమ్మ:
నేనూ అదే అంటున్నా, అడిగింది ఫారం గురించి! తెలుగు మీడియం, కొర్రన్నం గురించి కాదు. తొమ్మిదో తరగతి. ఇక్కడే ప్రైవేట్ స్కూల్. రిపోర్టు ఉంది, నాలుగో తరగతిలో ఉన్నప్పుడు హైదరాబాద్ తీసుకుపోయి చూపించాం. ఏడీహెచ్‌డీ అని క్లియర్‌గా రాశారు. అందుకే దాన్నే వెతుకుతున్నా.

కాజీపేట నాన్న:
సీబీఎస్ఈ అయితే మూడు గంటల పేపర్‌కు గంట ఎక్కువ ఇస్తారు మేడం. స్క్రైబ్ కూడా, అంటే చెప్తుంటే రాసిపెట్టే మనిషి. మా బాబుకు ఇచ్చారు. టెన్షన్ పడకండి.

సూటి మాట:
ఆమె బోర్డు ఇంకా చెప్పలేదు.

వడ్డేపల్లి అమ్మ:
స్టేట్ సిలబస్. సంవత్సరం ఆగితే పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, అదే భయం.

సూటి మాట:
అయితే సీబీఎస్ఈ లెక్క పనికిరాదు. రిపోర్టులో ఏడీహెచ్‌డీ కింద ఇంకేమైనా ఉందా? మొత్తం చదవండి.

వడ్డేపల్లి అమ్మ:
కింద చిన్న అక్షరాల్లో ఎస్‌ఎల్‌డీ, రీడింగ్, రైటింగ్ అని ఉంది. పక్కన మళ్ళీ టెస్ట్ చేయించాలని రాశారు. ఏడీహెచ్‌డీలోనే అదీ వస్తుంది కదా?

ఐఈఆర్‌పీ అక్క:
రాదు మేడం, అవి రెండు వేర్వేరు. కుదురుగా ఉండలేకపోవడం, ధ్యాస నిలవకపోవడం, అడిగేలోపే జవాబు అరిచేయడం ఏడీహెచ్‌డీ వైపు. తెలివి ఉండి, బడికి పోతూ ఉండి, కళ్ళు చెవులు బాగుండి కూడా చదవడమో రాయడమో లెక్కలు చేయడమో వయసుకు తగ్గట్టు రాకపోవడం ఎస్‌ఎల్‌డీ, అంటే నిర్దిష్ట అభ్యసన వైకల్యం. ఒకే పిల్లలో రెండూ ఉండటం మామూలే, అందుకే కలిసిపోయినట్టు కనిపిస్తాయి.
2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు. ఎస్‌ఎల్‌డీ అందులో ఉంది. ఏడీహెచ్‌డీకి విడిగా వరుస లేదు. అందుకే మీరు ఎంత వెతికినా దొరకలేదు. మీరు పెట్టాల్సింది నిర్దిష్ట అభ్యసన వైకల్యం. మానసిక అనారోగ్యం నొక్కకండి, దానికి స్కేలు వేరు, చూసే డాక్టర్లు వేరు.
ఇంకో సంగతి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాకే ఎస్‌ఎల్‌డీ సర్టిఫికెట్ ఇస్తారు. 14 ఏళ్ళప్పుడు, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ పరీక్షించాలి. 2024లో వాటిని సవరించారు కాబట్టి ఇప్పుడు ఎలా చేస్తున్నారో ఆస్పత్రిలో అడగండి. ఏదేమైనా నాలుగో తరగతి రిపోర్టు ఒక్కదానితో పని జరగదు. దాన్ని పారేయకండి, జిరాక్స్ తీసి పట్టుకుపోండి. చిన్నప్పటి నుంచీ సమస్య ఉందని చెప్పేది ఆ కాగితమే.
పిల్లల డాక్టర్, క్లినికల్ సైకాలజిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ కలిసి చూస్తారు. ఐక్యూ టెస్ట్, ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రి వాళ్ళు తయారుచేసిన చదువు, రాత, లెక్కల పరీక్షలు ఉంటాయి. ఆ రోజు పాపకు టిఫిన్ పెట్టి తీసుకుపోండి, చాలాసేపు పడుతుంది. స్కూల్ నోట్ బుక్కులు, పరీక్ష పేపర్లు తీసుకుపోండి. తప్పులు దిద్దిన పేపర్లే కావాలి, నీట్‌గా మళ్ళీ రాయించినవి కాదు.

వడ్డేపల్లి అమ్మ:
కార్డు మీద వికలాంగురాలు అని వస్తుందా? మా పాప నడుస్తుంది, పాడుతుంది, లెక్కలు నోటితో టకటకా చెప్తుంది. పేపర్ మీద పెట్టమంటేనే తప్పులు వస్తాయి. మా అత్తమ్మ వాళ్ళకు తెలిస్తే లొల్లి చేస్తారు.

విశ్రాంత పంతులు:
దివ్యాంగులు అనాలమ్మా. వికలాంగులు అనే మాట ఇప్పుడు వాడకూడదు.

కాజీపేట నాన్న:
పేరు మారిస్తే బడిలో ర్యాంపు కట్టారా సార్? చట్టం తెలుగులో వికలాంగుల హక్కుల చట్టం అనే నడుస్తోంది. నాకు రెండూ ఇష్టం లేదు గానీ కార్డు కావాలి కాబట్టి తీసుకున్నా.

చిరుధాన్యం అన్న:
మందబుద్ధి పిల్లలకు కూడా ఇదే కార్డా?

ఐఈఆర్‌పీ అక్క:
ఆ మాట ఇక్కడ వద్దు అన్నా. మేధో వైకల్యానికి వరుస వేరు. ఐక్యూ టెస్ట్ చేసేది అదేమైనా ఉందా అని చూడటానికే. ఈ పాపకు తెలివి తక్కువ కాదు, ఆ తెలివి కాగితం దాకా రావట్లేదు.
మేడం, కార్డు ఎవరికీ చూపించక్కర్లేదు. స్కూల్‌కు, పరీక్షల వాళ్ళకు తప్ప. అత్తమ్మకు అసలే అక్కర్లేదు.

కాజీపేట నాన్న:
ఇంకొకటి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం అని రాకపోతే అంతా దండగ మేడం. ముందే తెలుసుకోండి.

సూటి మాట:
పూర్తి నిజం కాదు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆయనకు రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఇబ్బంది, యూపీఎస్సీ స్క్రైబ్ ఇవ్వనంది. 40 శాతం ఉంటేనే స్క్రైబ్ అనడం తప్పని తీర్పు. రిజర్వేషన్ల లాంటి వాటికి 40 కావాలి. స్కూలు వాళ్ళు శాతం దగ్గర పేచీ పెడితే ఈ తీర్పు చెప్పండి.

వడ్డేపల్లి అమ్మ:
సరే, ఎస్‌ఎల్‌డీ పెట్టా. ఇప్పుడు ఆస్పత్రి ఉన్న జిల్లా అడుగుతోంది. ఆధార్‌లో వరంగల్ అర్బన్ అని ఉంది, లిస్టులో అది లేదు.

కాజీపేట నాన్న:
2021లో పేరు మార్చారు కదా. అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. మీది వడ్డేపల్లి అయితే హన్మకొండ.

విశ్రాంత పంతులు:
హనుమకొండ. 'ను' ఉంది.

కాజీపేట నాన్న:
బస్ మీద హన్మకొండ అనే రాస్తారు సార్, దాంట్లోనే ఎక్కుతాం.

సూటి మాట:
ఇంటి చిరునామాకు హన్మకొండ. ఆస్పత్రి జిల్లా వేరే అడుగుతుంది, ఎంజీఎం పెద్దాస్పత్రికి పోవాలనుకుంటే అది వరంగల్ జిల్లా కింద ఉందేమో చూడండి. రెండు జిల్లాలూ తెరిచి ఆస్పత్రుల పేర్లు చూసుకోండి. ఆధార్ అడ్రస్ కూడా అప్‌డేట్ చేయించండి, ఎప్పటికైనా తప్పదు.

ఐఈఆర్‌పీ అక్క:
ఇంకో మాట. కార్డు ఒక్కటే చాలదు, పదో తరగతి పరీక్షల సౌకర్యాలు స్కూల్ హెడ్మాస్టర్ నుంచి డీఈఓ ఆఫీసు ద్వారా పోవాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేటప్పుడు వివరాలు లేకపోతే ఆఖర్లో ఎవరూ ఏం చేయలేరు. అందుకే కార్డు కోసం ఆగకుండా సోమవారమే స్కూల్‌లో ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటి మాట మీద నమ్మకం పెట్టుకోకండి.
అప్పటిదాకా తొమ్మిదో తరగతిలోనే కొన్ని అడగండి. బోర్డు మీద రాసింది కాపీ చేయమనకుండా నోట్స్ ఫొటో ఇవ్వమనండి. మన దగ్గర పిల్లల సమయం చాలావరకు బోర్డు చూసి రాసుకోవడానికే పోతుంది, మీ పాప చదవలేక, రాయలేక అక్కడే అలసిపోతుంది. ప్రశ్న ఒకసారి పైకి చదివి వినిపిస్తే సరిగ్గా చెప్తుందా అని లెక్కల సార్‌తో ఒక యూనిట్ టెస్ట్‌లో చూడమనండి. ఆ పేపర్‌నూ మామూలు పేపర్‌నూ పక్కపక్కన పెట్టి చూపిస్తే టీచర్లకు మనం వివరించే పని ఉండదు. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, కిటికీ పక్కన కాదు. ఒకసారికి ఒక పనే చెప్పాలి. "పుస్తకం తియ్, 42 పేజీ, మూడో లెక్క, ముందు డేట్ వెయ్" అని ఒక్క గుక్కలో చెప్తే ఆమెకు పుస్తకం తీయడం ఒక్కటే మిగులుతుంది.
ఇంట్లో కూడా అంతే. పది నిమిషాలు చదివాక లేచి నీళ్ళు తాగి రానివ్వండి. ఒకేచోట రెండు గంటలు కూర్చోబెట్టి, మధ్యలో తిట్టి, చివర్లో ఇద్దరూ ఏడవడం వద్దు.

చిరుధాన్యం అన్న:
ట్యాబ్లెట్ల గురించి ఎవరూ మాట్లాడరేం? అవే అసలు ప్రమాదం.

ఐఈఆర్‌పీ అక్క:
అది డాక్టర్ చెప్పాలి అన్నా, మనం కాదు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మందు కాదు, చీటీ కావాల్సిందే. ఆకలి, బరువు, నిద్ర, బీపీ చూస్తూ మోతాదు పెడతారు. అటొమాక్సెటిన్ అని ఇంకోటి ఉంది. కొందరికి మందు అక్కర్లేదు, కొందరికి మందు పడ్డాకే పుస్తకం ముందు కూర్చోవడం సాధ్యమవుతుంది. ఏ మందూ చదవడం మాత్రం నేర్పదు, దానికి మళ్ళీ చదివించే మనిషి కావాలి.

విశ్రాంత పంతులు:
చదివించే మనిషి అన్నావు కదా తల్లీ, అది మాత్రం నేను ఒప్పుకుంటా. కానీ ఒక్కో సెక్షన్‌లో అరవై మందిని పెట్టుకున్న ప్రైవేట్ స్కూల్లో ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు?

వడ్డేపల్లి అమ్మ:
సబ్మిట్ అయింది. నంబర్ వచ్చింది. థ్యాంక్స్ అందరికీ, అన్నం వండాలి.

జనగామ నాన్న:
మా బాబుకు ఆరేళ్ళు. బ, భ రెండూ ఒకేలా రాస్తాడు, ఒకచోట నిలవడు. మేం కూడా ఇదే ఫారం నింపాలా?

సూటి మాట:
ఇప్పుడే వద్దు. ఎస్‌ఎల్‌డీకి ఎనిమిది నిండాలి. ఆరేళ్ళకు బ, భ తడబడటం చాలామందికి ఉంటుంది. కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. నిలవకపోవడం ఇంట్లోనేనా, బడిలో కూడానా?

జనగామ నాన్న:
బడిలో టీచర్ ఏం చెప్పలేదు. అడిగి చెప్తా.

సూటి మాట:
అడగండి. బడికి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లు వచ్చినప్పుడు పేరు రాయించండి, అవసరమైతే వాళ్ళే డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రానికి పంపుతారు. డబ్బు కట్టనక్కర్లేదు.