పీవీసీ పైపులో గాలి నింపి లాంచర్ చేయడం ఓకేనా? ఎందుకంత గొడవ?

గాలిగోపి:
మూడేళ్ళుగా ఎయిర్ లాంచర్లు చేస్తున్నా, ఇప్పటికి నాలుగు అయ్యాయి. ఆలుగడ్డలు, టెన్నిస్ బంతులు, పిల్లలొస్తే పేపర్ రాకెట్లు. అన్నీ షెడ్యూల్ 40 (గోడ మందం గ్రేడు) పీవీసీతోనే, రెండించీల పైపు, గాలి నింపి ఉంచే ఛాంబర్ మీటరు పొడవు. పైపు మీదే 280 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అని ప్రింట్ ఉంది, నేను సైకిల్ పంపుతో నింపేది 60, అంటే నాలుగో వంతు కూడా కాదు. నిప్పు లేదు, గ్యాస్ లేదు, ఉత్త గాలి. అయినా ఎక్కడ ఫోటో పెట్టినా ఎవడో ఒకడొచ్చి "అది బాంబు రా నాయనా" అంటాడు. కోప్పడకుండా, లెక్కతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి, ఒప్పుకుంటా.

పానా_చేతిలో:
లెక్కే కావాలా, సరే. ఆ 280 అనేది నీళ్ళకి, అదీ 23 డిగ్రీల దగ్గర. అదే పైపు 60 డిగ్రీలకి వేడెక్కితే 0.22 తో గుణించాలి, ఎంతొచ్చింది? దాదాపు 62. అంటే ఎండలో కారు డిక్కీలో పడేసి తీసిన లాంచర్‌కి నువ్వు చెప్పిన మార్జిన్ మొత్తం పోయినట్టే.

ఇది చిన్న విషయం, అసలుది ఇంకోటి. నీ ఛాంబర్‌లో రెండు లీటర్లకి కాస్త ఎక్కువ పడుతుంది. 60 పీఎస్ఐ దగ్గర ఆ గాలి వ్యాకోచిస్తే వచ్చే శక్తి దాదాపు 1000 జౌల్స్, పది కిలోల బండని మూడో అంతస్తు మీంచి వదిలినంత. అదే ఛాంబర్ నిండా నీళ్ళు పోసి అదే ప్రెషర్ పెడితే ఆ నీళ్ళలో జౌల్‌లో పదో వంతు కూడా ఉండదు, ఎందుకంటే నీళ్ళు నలగవు. పైపు పగిలితే నీళ్ళు చిమ్మి ఊరుకుంటాయి, గాలి ఊరుకోదు. పైగా పీవీసీ చిరగదు, పెంకులుగా పగులుద్ది. అమెరికాలో ఓషా (పని చోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు ఫ్యాక్టరీల్లో గాలి లైన్లకి బయటికి కనపడేట్టు పీవీసీ వాడొద్దని 1988లోనే హెచ్చరిక ఇచ్చారు.

గాలిగోపి:
అన్నా, లెక్క బాగుంది కానీ ఆ హెచ్చరిక ఫ్యాక్టరీల గురించి కదా. అక్కడ పైపు ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ ప్రెషర్‌లోనే ఉంటుంది, ట్రాలీలు గుద్దుతుంటాయి. నాది నెలకి రెండు సార్లు, ఒక్కోసారి ఒక నిమిషం. రెండూ ఒకటే అంటే ఎలా?

ముక్కలేరినోడు:
నేనూ ఇదే మాట అనేవాడ్ని. నాది మూడించీల ఛాంబర్, నీకంటే పెద్దది, ముందు 40, తర్వాత 60, తర్వాత "ఈ ఒక్కసారికి" 80. ఆ రోజు చలి, పొద్దున్నే, లాంచర్ రాత్రంతా బయటే ఉంది. కాలి పంపు తొక్కుతున్నా, గేజ్ ముల్లు 55 దాటింది అంతే, టప్ మని కాదు, కొరడాతో కొట్టినట్టు పొడి శబ్దం. ముందు ఏమీ అర్థం కాలేదు, చెవుల్లో హోరు. చూస్తే ఎల్బో (పైపు వంపు జాయింట్) లేదు. షెడ్డు తలుపు ప్లైవుడ్‌లో అరచేతంత తెల్ల ముక్క దిగి ఉంది, అంచు కత్తిలా ఉంది, ప్లయర్‌తో లాగితే గానీ రాలేదు. ఆ తలుపు పక్కనే మా తమ్ముడు ఐదు నిమిషాల ముందు కూర్చుని షూ లేసులు కట్టుకున్నాడు.

గమనించావా, 80 దగ్గర పోలేదు. అంతకుముందు పది సార్లు 80 తట్టుకుంది, ఆ రోజు 55కే పోయింది. చలికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ఎండ తగిలి తగిలి పైపొర పాడవుతుంది, ఎప్పుడో కింద పడేసిన దెబ్బ ఎక్కడో దాక్కుని ఉంటుంది. "మూడేళ్ళుగా ఏం కాలేదు" అనేది నిజమే కానీ ఆ మూడేళ్ళు పైపు వయసు కూడా పెరిగింది కదా గోపీ.

రెంచ్_రాజా:
అందరూ పీవీసీ మీదే పడ్డారు, నేను ఎదురు వాదిస్తా. స్టీల్ అయితే సేఫ్ అని ఎవరు చెప్పారు? 2016లో అమెరికాలో డెలావేర్‌లో గుమ్మడికాయలు విసిరే పోటీలో పెద్ద ఎయిర్ క్యానన్ నుంచి లోహపు మూత ఊడి ఎగిరింది, ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అవేమీ ప్లాస్టిక్ బొమ్మలు కాదు. 2010లో యూటాలో ఇలాంటి ఎయిర్ క్యానన్‌తోనే గుమ్మడికాయని 1,690 మీటర్ల దూరం కొట్టారు, ఆ రేంజ్ మనుషులు, వాళ్ళకే అయింది. కాబట్టి మెటీరియల్ కంటే నిలబడే చోటు ముఖ్యం అంటాను. ఎవ్వరూ పక్కన నిలబడకుండా, దూరం నుంచి తాడు లాగి వాల్వ్ తెరిస్తే పీవీసీ అయినా ఏం?

పానా_చేతిలో:
రాజా గారూ, ఫైర్ చేసేటప్పుడు దూరంగా ఉంటారు సరే, నింపేటప్పుడు? సైకిల్ పంపు పట్టుకుని దాని మీదకి వంగి ముల్లు చూస్తుంది ఎవరు? పైన ముక్కలేరినోడుకి అయింది నింపేటప్పుడే. స్టీల్ కూడా పోతుంది, కాదనను, కానీ మంచి స్టీల్ ఎక్కువసార్లు సాగి చిరుగుతుంది, ఇలా పెంకులవదు. గాలికే అని రేటింగ్ ఉన్న ట్యాంక్, దానికో సేఫ్టీ వాల్వ్, పొడవాటి గొట్టం చివర పంపు. ఇంత చేశాక కూడా మీరు చెప్పినట్టు దూరంగా నిలబడండి, రెండూ కావాలి.

కాగితం_రాకెట్:
మధ్యలో దూరుతున్నా. మా పిల్లల కోసం అయితే నేను ప్రెషర్ నిల్వ చేయడమే మానేసా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ మీద కాలితో దూకితే గొట్టం మీద పెట్టిన పేపర్ రాకెట్ లేచిపోద్ది, అంతే, ముందే గాలి కుక్కి పెట్టేదేం లేదు. ఎగిరే ఎత్తు తక్కువే, అయినా వాళ్ళకి ఎవరు గట్టిగా దూకారనేదే ఆట. ఆలుగడ్డ దూరం కొట్టాలనే మోజు పెద్దోళ్ళది 😄

ఇంకోటి, బ్రిటన్‌లో అయితే 12 ఫుట్-పౌండ్లు దాటిన ఎయిర్ రైఫిల్‌కి సర్టిఫికెట్ అడుగుతారు, అంటే 16 జౌల్స్. పైన లెక్క 1000. అందులో సగానికి సగం వృథా పోయినా ఆలుగడ్డకి ఎంత దక్కుతుందో చూసుకోండి, ఎక్కడ ఉన్నా ముందు చట్టం ఏంటో కనుక్కోండి.

గాలిగోపి:
రెండు రోజులు రిప్లై ఇవ్వలేదు, కోపం వచ్చి కాదు. ముక్కలేరినోడు అన్న పోస్ట్ చదివాక పాత ఛాంబర్‌ని హాక్‌సాతో నిలువునా కోసా, జాయింట్లు చూద్దామని. ఒక ఎండ్ క్యాప్‌లో పైపు సగం వరకే దిగి ఉంది, గమ్ ఒక పక్క మెరుస్తోంది, ఇంకో పక్క పెన్సిల్ గీత ఇంకా కనపడుతోంది, అంటే అక్కడ గమ్ తగల్లేదు. ఇన్నాళ్ళూ నేను ఛాతీకి ఆనించుకుని పట్టుకునేది ఆ క్యాప్ ఉన్న వైపే.

రాజా గారితో ఇంకా సగం ఒప్పుకుంటా, పీవీసీ బ్యారెల్‌గా (ఆలుగడ్డ దూసుకొచ్చే గొట్టంగా) ఉంచుతా, దాంట్లో ప్రెషర్ క్షణం సేపే కదా. ఛాంబర్ మాత్రం మారుస్తున్నా. పానా అన్నా, గాలికి రేటింగ్ ఉన్న చిన్న ట్యాంక్‌కి ఈ ఒకటిన్నర ఇంచీ బాల్ వాల్వ్ కలపాలంటే ఏ థ్రెడ్ చూసుకోవాలి?

పానా_చేతిలో:
ట్యాంక్ నోటి దగ్గర థ్రెడ్ ఫోటో పెట్టు, చూసి చెప్తా. డ్రిల్ మాత్రం పెట్టకు దానికి. బ్యారెల్ సంగతి అప్పుడు వాదించుకుందాం.