ముక్కుపుడకతో ప్రభువు బల్లకు రావడం తప్పా?

గుంటూరు_కోడలు:
అందరికీ వందనాలు. మా పుట్టింటివాళ్ళు లూథరన్లు. నగలతోనే గుడికి వెళ్ళేవాళ్ళం, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అత్తగారివాళ్ళది పెంతెకొస్తు సంఘం, అక్కడ నగలు పెట్టుకోరు. మొన్న మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అదే ప్రభువును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే వేళ, రొట్టె తట్ట మా చాప దాకా వచ్చింది. చెయ్యి చాచాను. "ముందు ఆ ముక్కుపుడక సంగతి చూసుకో అమ్మాయ్" అంది పక్కనున్న పెద్దావిడ, నాలుగు వరసలకు వినబడేలా. తట్ట నన్ను దాటిపోయింది. ఈ చాదస్తపు మనుషులకు మత్తయి 7:1 కనబడదా? "మీరు తీర్పు తీర్చకుడి" అనలేదా ప్రభువు?

బాపట్ల_బ్రదర్:
సిస్టర్, అయిదో వచనం దాకా చదవండి. ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు నీ సహోదరుడి కంట్లో నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అన్నాడు. నలుసు వదిలేయమనలేదు. 1 పేతురు 3:3లో బంగారు నగల మాట ఉండనే ఉంది.

గుంటూరు_కోడలు:
అదే వచనంలో జడలు అల్లుకోవడం కూడా ఉంది బ్రదర్. మా సంఘంలో జడ లేని అక్క ఒక్కరూ లేరు.

ఒంగోలు_యూత్:
తట్ట తిప్పేముందు చదివేది 1 కొరింథీ 11 కదా. 28వ వచనం తన్ను తాను పరీక్షించుకోమంటోంది. పక్కామె ముక్కుని కాదు.

చీరాల_టీచరమ్మ:
నవ్వొచ్చింది బాబూ. కానీ అమ్మాయ్, ఒక మాట విను. నా చిన్నప్పుడు మా సంఘంలో ఒకరి మెడలో రెండు పేటల గొలుసు, పక్కామె మెడ బోసి. గొలుసున్నావిడ ముందు చాప మీద, కూలికెళ్ళే ఆవిడ గుమ్మం దగ్గర. యాకోబు 2లో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు ఇచ్చినట్టే. నగలు తీసేశాక గుమ్మం దగ్గరివాళ్ళు ముందుకొచ్చి కూర్చోవడం కళ్ళారా చూశాను. మా అమ్మ కమ్మలు తీసేసింది. ఆ చెవి రంధ్రాలు ఆమె చనిపోయేదాకా పూడలేదు. మీకు చాదస్తంలా కనబడేది ఆమెకు అంత ఖరీదు.

అయినా ఆ పెద్దావిడ చేసింది తప్పే. చెప్పాలంటే మత్తయి 18:15 ప్రకారం ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి. రొట్టె దగ్గర కాదు. అయితే రోమా 14 ఇద్దరికీ చీవాట్లు పెడుతుంది. అక్కడి మాట తిండి పట్టింపుల గురించి, నగలకూ అదే వర్తిస్తుంది. తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు, తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదు. ఆవిడది మొదటిది. నీది రెండోది.

బాపట్ల_బ్రదర్:
టీచరమ్మగారూ, తట్ట దగ్గర అనడం తప్పని ఒప్పుకుంటా. నగల విషయంలో మాత్రం నా మాట అదే.

గుంటూరు_కోడలు:
చాదస్తం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా టీచరమ్మగారూ. పుడక మాత్రం ఇప్పుడే తీయను, తీసినా అందరిలో అన్నారని తీయను. శనివారం ఆవిడ ఇంటికి వెళ్ళొస్తా. ఆవిడ చెవులకీ రంధ్రాలున్నాయేమో, ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు.