సమస్య: తండ్రి గిన్నె తోమె దండమనుచు

నిర్వాహకుడు, విజయనగరం:
ఈసారి సమస్యగా ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఇందులో గణాలు ఐదూ సూర్యగణాలే (హగణం లేదా నగణం). తం–దం యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే మైత్రి. గిన్నె తోముతూ దండం ఎవరికి పెడుతున్నాడో మీరే చెప్పాలి. మా నాన్న అమ్మను నోరారా మెచ్చుకోగా నేనెన్నడూ వినలేదు. కానీ పైడితల్లమ్మ సిరిమాను పండగకి చుట్టాలంతా తిని లేచాక అంట్ల పోగు ముందు కూర్చునేది ఆయనే. అమ్మను లేవనిచ్చేవారు కాదు. ఈ పాదం అక్కడ పుట్టింది.

బొబ్బిలి మాస్టారు:
అత్త మంచమెక్క నారేండ్లు చేసిన
సేవకప్పుపడ్డ జీవినంచు
భార్యకింత కునుకు పడనిచ్చి వంటింట
తండ్రి గిన్నె తోమె దండమనుచు

నిర్వాహకుడు:
మాస్టారూ, ‘కునుకు పడనిచ్చి’ దగ్గర కళ్లు చెమర్చాయి. ఒక్క చిక్కు. అత్త, భార్య అని మొదలుపెట్టి చివర తండ్రి అంటే, చూస్తున్నది ఎవరో తెలియడం లేదు. బిడ్డే చెబుతున్నట్టు ‘అవ్వ మంచమెక్క’, ‘అమ్మకింత కునుకు నమరించి’ అంటే వరస కుదురుతుంది, యతీ చెడదు.

బొబ్బిలి మాస్టారు:
నిజమే. మార్చుకుంటాను. కానీ ‘పడనిచ్చి’ పోతున్నందుకు బాధగానే ఉంది.

శ్రీకాకుళం ఆడపడుచు:
పుట్టినింటి సారె బుడితి యిత్తడిదంచు
దాచుకొన్న తల్లి తలపు తెలిసి
చింతపండు రుద్ది జిగి వచ్చుదాకను
తండ్రి గిన్నె తోమె దండమనుచు

నిర్వాహకుడు:
అమ్మా, మన శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి ఇత్తడిని పద్యంలోకి తెచ్చారు, చాలా సంతోషం. ఆమె దాచుకున్న వస్తువును ఆయన మెరిపించడంలోనే అంతా ఉంది. అయితే ‘దండమనుచు’ విడిగా నిలబడిపోయింది. మూడో పాదంలో దానికి కాస్త దారి వేయండి.

పాలకొండ కుర్రాడు:
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.
పొలము పనుల నలిగి పరుగున వచ్చిన
యమ్మకింత చోడి యంబలిచ్చి
చాప పరచి నూతి చప్టాన కూర్చుండి
తండ్రి గిన్నె తోమె దండమనుచు

బొబ్బిలి మాస్టారు:
బాబూ, చాప, నూతి చప్టా, చోడి (రాగి) అంబలి అన్నీ కళ్లకు కట్టాయి. మాకంటే నువ్వే బాగా రాశావు. మొదటి పాదంలో యతి తప్పింది. పొ, ప రెంటికీ హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. ఒ కి ఉ, ఊ, ఓ లే చెల్లుతాయి. పైగా అంత నలిగిన మనిషి పరుగున ఎలా వస్తుంది? ‘పొద్దోయి వచ్చిన’ అని చూడు.

పాలకొండ కుర్రాడు:
పొలము పనుల నలిగి పొద్దోయి వచ్చిన. సరిపోయింది మాస్టారూ! ఇంట్లో చదివి వినిపించాను. నాన్న ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, ‘ఒక్క పూటేటి, ఉభాలు (వరినాట్లు) జరిగిన నెలంతా అంబలి ఇచ్చినాడు. అది కూడా రాయి’ అంది.